పక్క కాలువ ఇచ్చే గడువు

పక్షవాతం వచ్చిన వారిని పరామర్శించి వచ్చినవారు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మౌలానా! ఇద్దరిదీ ఒకే వయస్సు, ఒకే జబ్బు. ఇద్దరికీ కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. ఒకాయన రెండు నెలలు తిరిగేసరికి కర్ర పట్టుకుని జుమాకు వచ్చాడు. మరొకాయన ఏడాది గడిచినా మంచం దిగలేదు. ఎందుకిలా?" అడిగినవారే జవాబు కూడా చెప్పుకుంటారు: "అంతా తఖ్దీర్!"

తఖ్దీర్ పట్ల విశ్వాసం మన ఈమాన్‌లో భాగం. అందులో సందేహం లేదు. అయితే తఖ్దీర్ అన్న మాటను ఆలోచనకు తలుపు మూసే గడియగా వాడుకోవడం మన పెద్దల పద్ధతి కాదు. షామ్ దేశంలో మహమ్మారి ప్రబలిందని తెలిసి హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ అనే ప్రదేశం నుండి పరివారంతో సహా వెనుదిరిగారు. ఇది తఖ్దీర్ నుండి పారిపోవడం కాదా అన్న ప్రశ్న ఆనాడే వచ్చింది. జాగ్రత్తపడటం కూడా తఖ్దీర్‌లోనిదే అన్నది ఆయన సమాధాన సారాంశం. కారణాలను సృష్టించినవాడు అల్లాహ్‌యే. వాటిని తెలుసుకుని వినియోగించుకోవడం దాసుని బాధ్యత.

ఆ ఇద్దరి విషయంలో ఒక ముఖ్యమైన కారణం మెదడులోని పక్కదారి రక్తనాళాలలో ఉంది. వైద్యులు వీటిని కొలాటరల్స్ అంటారు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు ఈ విషయం అర్థం కావడం కష్టం కాదు. మన ఊళ్ళు బ్రతుకుతున్నదే కాలువల మీద.

నాలుగు కాలువలు, ఒక వలయం

బెజవాడ వద్ద కృష్ణపై 1855లో ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుండి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ తూర్పు డెల్టాకూ, కొమ్మమూరు కాలువ మొదలైనవి పశ్చిమ డెల్టాకూ నీరు తీసుకుపోతాయి. పెద్ద కాలువ నుండి శాఖా కాలువ, దాని నుండి పంట కాలువ, చివరికి పొలం గట్టున బోదె. సుమారు 13 లక్షల ఎకరాలు ఇలా తడుస్తున్నాయి.

మెదడు వ్యవస్థ కూడా ఇలాంటిదే. శరీరం బరువులో మెదడు రమారమి 2 శాతమే గాని, గుండె పంపే రక్తంలో 15 నుండి 20 శాతం దానికే కావాలి. ఈ రక్తాన్ని నాలుగు పెద్ద ధమనులు మోసుకువస్తాయి. రెండు మెడకు ముందువైపు నుండి, రెండు వెన్నెముక వెంబడి పైకి వస్తాయి. పుర్రె అడుగుభాగంలో ఈ నాలుగూ ఒక వలయంగా కలుస్తాయి. ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో దీనిని వివరంగా వర్ణించినందున దీనికి విల్లిస్ వలయం అని పేరు. ఒక ధమని మెడలో మూసుకుపోయినా, ఈ వలయం గుండా మరొక వైపు నుండి రక్తం చేరుకోగలదు. ఇది మొదటి పక్కదారి.

రెండవది మెదడు ఉపరితలంపై ఉంది. ముందు, మధ్య, వెనుక భాగాలకు వెళ్ళే ధమనుల చిట్టచివరి కొమ్మలు సన్నని నాళాల ద్వారా ఒకదానితో ఒకటి కలుస్తాయి. 1874లో హ్యూబ్నర్ అనే జర్మన్ వైద్యుడు వీటిని వివరించాడు. మామూలు రోజులలో ఈ నాళాలలో పెద్దగా పని ఉండదు. మధ్య ధమని మూసుకుపోయిన నాడు మాత్రం పక్క ధమనుల రక్తం వీటి గుండా, శివారు నుండి మొదలుకు ఎదురు దిశలో ప్రవహించి ఎండిపోతున్న భాగాన్ని తడుపుతుంది.

కృష్ణకు ఎగువ నుండి నీరు రాక డెల్టా నారుమళ్ళు ఎదురుచూస్తున్న వేళ గోదావరి జలాలు ఆదుకోవడం మనం చూశాము. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు పోలవరం కుడి కాలువ వెంట వచ్చి, ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలిసి, మన కాలువలలోకే చేరుతున్నది. ఒక నది ఆయకట్టును మరొక నది ఆదుకోవడం వంటిదే మెదడులోని ఈ ఏర్పాటు. అయితే ఎత్తిపోసిన నీరు నదికి సాటి కాదు. కొరత తీరేంతవరకు పైరును నిలబెడుతుంది, అంతే.

ఎండిన పొలం, వాడిన పొలం

పక్షవాతంలో రెండు రకాలు ఉన్నాయి. రక్తనాళం చిట్లి రక్తం కారడం ఒకటి. గడ్డ అడ్డుపడి నాళం మూసుకుపోవడం రెండవది. ఎక్కువ మందికి వచ్చేది ఈ రెండవదే. పూర్వీకులైన హకీములకు కూడా ఈ జబ్బు తెలుసు. ఇబ్ను సీనా తన అల్ ఖానూన్‌లో సక్తా, ఫాలిజ్ అనే పేర్లతో వీటిని వేర్వేరుగా చర్చించాడు.

నాళం మూసుకుపోయిన వెంటనే ఆ ప్రాంతమంతా ఒకేసారి చనిపోదు. ప్రతి 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంటుంది. అది 20కి దిగువకు పడిపోతే కణాలు పని మానేస్తాయి. చేయి కదలదు, మాట రాదు. కాని అవి ఇంకా బ్రతికే ఉంటాయి. 10కి దిగువకు పడిపోతే కొద్దిసేపటిలోనే చనిపోతాయి. పని మానేసి, ప్రాణం మాత్రం నిలుపుకున్న ఈ ప్రాంతాన్ని వైద్యులు పెనంబ్రా అంటారు. అంటే అర్ధఛాయ. నీరందక ఆకు వాడి తలవాల్చిన వరి పైరు వంటిది అది. నీరు పెడితే లేస్తుంది, ఆలస్యమైతే గడ్డి అవుతుంది.

ఈ వాడిన భాగాన్ని బ్రతికించి ఉంచేది పక్కదారి రక్తమే. ఈ దారులు బాగా ఉన్నవారిలో నష్టం మెల్లగా విస్తరిస్తుంది. బలహీనంగా ఉన్నవారిలో గంట, రెండు గంటలలోనే వాడిన పొలమంతా ఎండిన పొలం అవుతుంది. పెద్ద నాళం మూసుకుపోయి చికిత్స అందని సందర్భంలో సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక పరిశోధన లెక్కగట్టింది. బందరు నుండి బెజవాడకు 70 కిలోమీటర్లు. దారిలో గంటన్నర గడిస్తే, ఆ సగటు ప్రకారం 17 కోట్ల కణాలు పోయినట్లే. కొందరికి అంతకు ఎంతో ఎక్కువ, కొందరికి ఎంతో తక్కువ. ఆ ఇద్దరి మధ్య తేడాకు సగం జవాబు ఇదే. మిగిలిన సగం ఎవరు ఎంత త్వరగా ఆసుపత్రికి చేరారన్నది.

గడువును చూసి మోసపోవద్దు

పక్కదారులు బాగున్నవారి ఇంట్లోనే ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. చేయి పడిపోయిన అరగంటకు కాస్త కదులుతుంది. ముద్దగా వచ్చిన మాట కొంచెం తేరుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని, "తగ్గిపోతోందిలే, తెల్లారాక చూద్దాం" అనుకుంటారు. గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది. పక్క కాలువ నీటితో పైరు ఆ పూటకు తల ఎత్తింది, అంతే. ఆ నీరు సన్నగిల్లిన క్షణాన చేయి మళ్ళీ పడిపోతుంది, ఈసారి లేవకపోవచ్చు. పూర్తిగా తగ్గిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళవలసిందే. పెద్ద పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక అది కావచ్చు.

చికిత్స ఏమిటన్నది కూడా తెలుసుకుందాం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మూడు గంటలలోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లో, నాలుగున్నర గంటల వరకు ఉపయోగపడుతుందని 2008లో రుజువైంది. తొడ వద్ద ధమని నుండి సన్నని గొట్టాన్ని మెదడు వరకు పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి పెద్ద నాళాలు మూసుకుపోయిన వారికి ఎంతో మేలు చేస్తుందని 2015లో వెలువడిన పరిశోధనలు నిరూపించాయి. వాటిలో కెనడా వైద్యుల నాయకత్వంలో జరిగిన ఒకదానిలో, స్కాన్‌లో పక్కదారి నాళాలు ఎలా ఉన్నాయో చూసి మరీ రోగులను ఎంపిక చేశారు. 2018లో వచ్చిన మరి రెండు పరిశోధనల తరువాత, స్కాన్‌లో వాడిన పొలం ఇంకా మిగిలి ఉందని తేలిన కొందరికి 16 గంటలు, 24 గంటల వరకు కూడా ఈ చికిత్స చేస్తున్నారు.

కనుక రాత్రి పడుకుని ఉదయం లేవలేకపోయిన మనిషి విషయంలో "సమయం దాటిపోయింది" అని ఇంట్లోనే తీర్పు చెప్పుకోవద్దు. అలాగే "24 గంటలున్నాయి కదా" అని తాత్సారం చేయవద్దు. ఆ గడువు ఎవరికి ఎంత ఉన్నదో చెప్పేది స్కాన్ మాత్రమే.

ఇంటివారు చేయవలసినవి, చేయకూడనివి

నోరు ఒక ప్రక్కకు వంకరపోవడం, ఒక చేయి గాని కాలు గాని బలహీనపడటం, మాట తడబడటం లేక ఎదుటివారి మాట అర్థం కాకపోవడం, అకస్మాత్తుగా చూపు పోవడం, తూలిపడటం. వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మన ఇళ్ళలో మూతి వంకరను లక్వా అని, చేయి కాలు పడిపోవడాన్ని ఫాలిజ్ అని వేరుచేసి చెబుతారు. ముఖానికి మాత్రమే పరిమితమైన వేరే జబ్బు ఉన్న మాట నిజమే. కాని ఏది ఏదో తేల్చవలసినది వైద్యుడు. పావురం మాంసం కోసం, పసరు మందు కోసం తిరిగే గంటలలోనే పొలం ఎండిపోతుంది.

రోగి నోట్లో ఏమీ పోయకూడదు. ఈ మాట చెప్పడానికి మాకు బాధ్యత ఎక్కువ. ప్రేమతో, భక్తితో జమ్‌జమ్ నీళ్ళో, దమ్ చేసిన నీళ్ళో నోట్లో పోసేవారు మనలో చాలామంది ఉన్నారు. పక్షవాతంలో మింగే శక్తి దెబ్బతినవచ్చు. పోసిన నీరు ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది. ప్రక్కన కూర్చుని చదవండి, దుఆ చేయండి, తల నిమరండి. దానికి నీటితో అవసరం లేదు.

బి.పి. ఎక్కువగా ఉందని మాత్ర నాలుక క్రింద పెట్టవద్దు. బ్యారేజీ వద్ద నీటిమట్టం తగ్గితే ముందుగా ఎండేది శివారు భూములే అని మన రైతులకు తెలుసు. పక్కదారులలోకి రక్తం ఎక్కాలంటే వెనుక ఒత్తిడి కావాలి. ఆ సమయంలో బి.పి. పెరగడానికి అదీ ఒక కారణం. దానిని ఎంత తగ్గించాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది ఆసుపత్రిలో నిర్ణయిస్తారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110కి లోపు తెస్తారు. ఆ ఇంజెక్షన్ ఇవ్వనివారిలో అంతకంటే ఎక్కువనే కొన్నాళ్ళు ఉండనిస్తారు. ఆస్ప్రిన్ కూడా స్కాన్‌కు ముందు ఇవ్వవద్దు. లోపల నాళం చిట్లి ఉంటే అది హాని చేస్తుంది.

వైద్యులు అడిగే మొదటి ప్రశ్న, "చివరిసారిగా ఎప్పుడు బాగున్నారు?" అని. లేచిన సమయం కాదు, బాగున్నట్లు చూసిన సమయం కావాలి. గడియారం చూసుకోకపోయినా మన ఇళ్ళలో దీనికి జవాబు దొరుకుతుంది. ఇషా నమాజుకు నిలబడ్డారా? తహజ్జుద్‌కు లేచి వుజూ చేసుకున్నారా? ఫజ్ర్ అజాన్‌కు పలికారా? ఆ వేళను గంటలలోకి మార్చి చెప్పండి. ఇషాకు బాగున్నారని చెప్పడానికీ, తహజ్జుద్‌కు బాగున్నారని చెప్పడానికీ మధ్య చికిత్స దొరకడం, దొరకకపోవడం అంత తేడా ఉండవచ్చు.

మరొక విషయం. స్త్రీకి ఈ జబ్బు వచ్చినపుడు భర్త పని నుండి రావాలని, కుమారుడు రావాలని, అంబులెన్సులో పరాయి పురుషులు ఎత్తుతారని ఆగిపోయే ఇళ్ళు ఉన్నాయి. ప్రాణావసరం వచ్చినపుడు నిషేధాలు సడలుతాయన్నది ఫిఖ్‌హ్‌లో స్థిరమైన సూత్రం. ఆమెను ఎవరు ఎత్తినా, ఏ వైద్యుడు పరీక్షించినా ఆ సమయంలో దోషం లేదు. ఆపడమే దోషం. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ దొరకలేదని కూడా బయలుదేరడం ఆపవద్దు. వాటిని వెనుక నుండి ఒకరు తేవచ్చు.

సీటీ స్కాన్, గడ్డ కరిగించే ఇంజెక్షన్ రాత్రివేళ కూడా లభించే ఆసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఏదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకుని ఉంచుకోండి. మస్జిద్ కమిటీలు ఈ వివరాన్ని వుజూఖానా వద్ద రాసి పెట్టిస్తే జమాఅత్ మొత్తానికి ఉపకారం.

ఇంటికి వచ్చిన తరువాత

పొలానికి నీరు తిరిగి వచ్చినంత మాత్రాన పంట చేతికి రాదు. ఆ తరువాత మొదలయ్యే శ్రమ ఇంటివారిది. మొదటి మూడు నెలలలో కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆ తరువాత మందగిస్తుందే గాని ఆగిపోదు. దెబ్బతిన్న భాగం చేసే పనిని చుట్టుప్రక్కల భాగాలు అభ్యాసంతో కొంతవరకు నేర్చుకుంటాయి. అందుకే ఫిజియోథెరపీని వారం చేసి వదిలేయకూడదు. గ్లాసు అందివ్వడం కంటే ఆ గ్లాసును ఆయన చేతితోనే పట్టించడం ఎక్కువ సేవ.

మాట పోయినవారి విషయంలో ఒక వింత కనిపిస్తుంది. దాహమని చెప్పలేని మనిషి సూరె ఫాతిహా మొత్తం తడబడకుండా చదువుతాడు. ఇది చూసి ఇంటివారు, "నోరు బాగానే ఉంది, కావాలనే మాట్లాడటం లేదు" అని నిష్ఠూరమాడతారు. అది అన్యాయం. ఏళ్ళ తరబడి కంఠస్థమైన వాక్యాలు, అంకెల వరుస, వారాల పేర్లు మెదడులో ఒక దారిన వస్తాయి. అప్పటికప్పుడు మాట కూర్చుకోవడం మరొక దారి. మొదటిది మిగిలి రెండవది తెగిపోవచ్చు. మిగిలినదాన్ని పట్టుకుని ఆయనతో కలిసి చదవండి. తొందరపెట్టకుండా, చిన్న మాటలతో, అవును కాదని చెప్పగలిగే ప్రశ్నలు వేయండి. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందిని నిరాశ క్రుంగదీస్తుంది. దానిని విశ్వాస లోపంగా చూడవద్దు. దానికీ చికిత్స ఉంది.

నమాజు గురించి చాలామంది బెంగపడతారు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని, రుకూ సజ్దాలను తల సైగతో చేస్తారు. వుజూలో సహాయం తీసుకోవచ్చు. నీరు వాడే వీలు లేనివారికి తయమ్ముమ్ ఉంది. రాత్రింబవళ్ళు దాటి ఎక్కువ కాలం స్పృహ లేనివారికి ఆ నమాజుల ఖజా లేదని హనఫీ ఫిఖ్‌హ్ చెబుతుంది. సజ్దాకు వంగి తూలిపడేవారు కుర్చీలో చదవడమే మేలు. షరీఅత్ ఇచ్చిన సౌలభ్యాన్ని తిరస్కరించడం తఖ్వా అనిపించుకోదు.

పూడిక తీయడం

వేసవిలో కాలువలు కట్టినపుడు పూడిక తీస్తారు. తీయని ఏడు శివారుకు నీరు చేరదు. మెదడు పక్కదారులను పూడ్చేవి ఏవి? వయస్సు మన చేతిలో లేదు. కాని అదుపు తప్పిన బి.పి., మధుమేహం, నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు, బీడీ, సిగరెట్, గుట్కా మన చేతిలోనివే. పైగా మన దేశంలో మెడలోని ధమనుల కంటే మెదడు లోపలి ధమనులు సన్నబడటం ఎక్కువగా కనిపిస్తుంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం 2002లో ప్రచురించిన పరిశీలన కూడా దీనినే సూచించింది.

ఒకసారి పక్షవాతం వచ్చి తేరుకున్నవారు "బాగైపోయాను" అని మాత్రలు మానేయడం, కొద్ది నెలలకే రెండవసారి పడిపోవడం మన వీధులలో కొత్త కాదు. రమజాన్‌లో మాత్రలు తామంతట తామే మానేయవద్దు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మోతాదు మార్చడం సాధ్యమేనేమో నెల ముందే వైద్యుణ్ణి అడగండి. సాధ్యం కాదంటే ఉపవాసం విడవడానికి అనుమతి ఉంది. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది.

నాళం మూసుకుపోయినపుడు మెదడుకు మరొక వైపు నుండి రక్తం అందే ఏర్పాటును మనలో ఎవరూ కట్టుకోలేదు. తల్లి గర్భంలోనే అది మనకు లభించింది. అది మన చేతిలో పెట్టిన అమానత్. ఒకరికి గంట, ఒకరికి పది గంటలు. ఆ గంటలను పసరు మందుకు, వాదులాటకు, ఎదురుచూపుకు ఖర్చు చేయడం అమానత్‌ను పాడుచేయడమే. పాఠకులు ఈ పేజీని ఇంట్లోని పెద్దలకు, పిల్లలకు కూడా చదివి వినిపించాలని కోరుతున్నాము. అత్యవసర వేళ ఇంట్లో ఉండేది పదేళ్ళ పిల్లవాడే కావచ్చు; 108 నంబరు వాడికీ తెలిసి ఉండాలి.

అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత, వారికి సేవ చేస్తున్న కుటుంబాలకు సహనం, మనకు సమయాన్ని సద్వినియోగం చేసుకునే వివేకం ప్రసాదించుగాక! ఆమీన్.